ప్రోటీన్ పౌడర్ కంపెనీలో 25 లక్షలు పెట్టాలా? ముందు రెండో డబ్బా లెక్క అడగండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నారు. జిమ్‌లో పరిచయమైన స్నేహితుడు మూడేళ్ల కిందట హైదరాబాద్‌లో ప్రోటీన్ పౌడర్ బ్రాండు మొదలుపెట్టాడు. అమ్మకాలు మొదటి ఏడాది 2 కోట్లు, రెండో ఏడాది 5, మొన్న మార్చికి 12 కోట్లు. కంపెనీ విలువ 60 కోట్లు అని లెక్కగట్టి మీ దగ్గర 25 లక్షలు అడుగుతున్నాడు, నెలాఖరులోగా చెప్పమంటున్నాడు. పెట్టవచ్చా, లేక ఇదే రంగంలో లిస్టెడ్ షేర్లు కొనుక్కోవడం మేలా అన్నది మీ సందేహం.

సూటిగా చెప్తాను. మీరు రాసిన వివరాలు చూస్తే ఈ ధరకు ఇప్పుడు పెట్టకండి. మీ స్నేహితుడు మంచివాడు కాదని కాదు, ఆ రంగం బాలేదని అంతకన్నా కాదు. మీరు పంపిన అంకెల్లో ఒక్కటి కూడా వ్యాపారం ఆరోగ్యంగా ఉందో లేదో చెప్పేది కాదు, అంతే. ఇన్వెస్టర్లు డబ్బు పెట్టేముందు కంపెనీ లెక్కలు తనిఖీ చేసే పని నాది. చాలా ఏళ్లుగా ఎక్కువగా తిండి, పోషకాహార బ్రాండ్ల పుస్తకాలే చూస్తున్నాను. ఈ సప్లిమెంట్ల వ్యాపారంలో అమ్మకాలు పెంచడం అంత కష్టమేమీ కాదు, డబ్బు ఖర్చుపెడితే పెరుగుతాయి. ఆ పెరుగుదలకు ఎవరి డబ్బు ఖర్చవుతోంది అన్నదే చూడాలి.

దీనికి మజిల్‌ఫార్మ్ కథ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఒకప్పుడు మన జిమ్‌లలో కూడా ఆ డబ్బాలు బాగా కనిపించేవి. అమెరికాలో డెన్వర్‌లో బ్రాడ్ పయాట్ అనే మాజీ ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) ఆటగాడు 2008లో మొదలుపెట్టిన కంపెనీ అది. 2010లో అమ్మకాలు సుమారు 40 లక్షల డాలర్లు. 2014కి 17.7 కోట్ల డాలర్లు. నాలుగేళ్లలో నలభై రెట్లకు పైగా! 2013లో ఆర్నాల్డ్ స్వార్జ్‌నెగర్ పేరుతో ప్రత్యేకంగా ఒక ఉత్పత్తుల వరుసే తెచ్చారు, 2014లో టైగర్ వుడ్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. బయటి నుంచి చూసేవాళ్లకు అంతకంటే వేగంగా పెరుగుతున్న స్పోర్ట్స్ న్యూట్రిషన్ కంపెనీ ఇంకోటి కనిపించలేదు. కానీ ఆ పరుగు తీసిన ఏళ్లలో ఒక్క ఏడాది కూడా లాభం రాలేదు. అమ్మకాలు శిఖరానికి చేరిన 2014లోనే 1.38 కోట్ల డాలర్ల నష్టం, మరుసటి ఏడాది అది 5 కోట్లు దాటింది.

మరి ఇన్నేళ్లు ఎలా నడిచింది? కొత్త షేర్లు అచ్చువేసి. అలా వేసి వేసి చివరికి 2012 నవంబరులో 850 షేర్లను కలిపి ఒక్క షేరుగా మార్చాల్సి వచ్చింది. ఆ ఏడాది కంపెనీ అమ్మకాలు దాదాపు నాలుగు రెట్లు పెరిగాయని గుర్తుపెట్టుకోండి. కంపెనీ పెరుగుతోంది, పాత వాటాదారుడి చేతిలో ఉన్న ముక్క మాత్రం కరిగిపోతోంది. 2015 సెప్టెంబరులో అమెరికా సెక్యూరిటీస్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ వీళ్ల మీద చర్య తీసుకుంది. పై అధికారులకు ఇచ్చిన దాదాపు 5 లక్షల డాలర్ల సౌకర్యాలను, అంటే కార్లు, దుస్తులు, భోజనాలు, ప్రైవేటు విమానంలో తిరుగుళ్లు, క్లబ్ సభ్యత్వాలు వగైరాలను, జీతభత్యాల లెక్కలో సరిగా చూపలేదని, స్పాన్సర్‌షిప్ కింద ఇవ్వాల్సిన మొత్తాలను వాటాదారులకు పూర్తిగా చెప్పలేదని ఆరోపణ. తప్పు ఒప్పుకోకుండానే కంపెనీ 7 లక్షల డాలర్ల జరిమానాకు అంగీకరించింది. 2016లో ఆర్నాల్డ్ ఒప్పందం తెగిపోయింది, సరఫరాదారులతో కోర్టు గొడవలు వచ్చాయి, 2022 డిసెంబరులో దివాలా పిటిషన్ వేశారు. 2023లో ఆ బ్రాండు ఆస్తులను ఫిట్‌లైఫ్ బ్రాండ్స్ అనే చిన్న కంపెనీ కొనుక్కుంది, ధర 2 కోట్ల డాలర్ల లోపే. ఒక దశలో ఏడాదికి 17.7 కోట్ల డాలర్ల సరుకు అమ్మిన బ్రాండు అది.

ఇప్పుడు మీ స్నేహితుడి 12 కోట్ల దగ్గరికి వద్దాం. నేనైతే అడిగే మొదటి ప్రశ్న, ఒక్క డబ్బా మీద ఏం మిగులుతోంది అని. ఉదాహరణకు ఒక కిలో వే ప్రోటీన్ డబ్బా తీసుకోండి. పన్నులు పోను కంపెనీకి 1,800 రూపాయలు వచ్చాయనుకుందాం. పౌడరు, డబ్బా, తయారీ ఖర్చు కలిపి 1,000. ఆన్‌లైన్‌లో అమ్మితే వాళ్ల కమీషన్, కొరియరు, తిరిగి వచ్చే పార్సిళ్ల ఖర్చు కలిపి 350. ఇంకా 450 మిగిలింది కదా, బాగానే ఉంది అనిపిస్తుంది. కానీ కొత్త కస్టమర్‌ను పట్టుకోవడానికి ప్రకటనలకు మనిషికి 400 అయింది, ఇన్‌స్టాగ్రామ్‌లో కండలు చూపించే కుర్రాడి కూపన్ కోడ్‌కు పది శాతం అంటే 180 పోయింది. మొత్తం చూస్తే డబ్బాకు 130 రూపాయలు నష్టం. ఈ అంకెలు నేను ఉదాహరణకు వేసినవే, మీ స్నేహితుడి అంకెలు వేరుగా ఉంటాయి, కానీ లెక్క వేసే తీరు ఇదే.

ఇలా ఉన్నప్పుడు అమ్మకాలు రెట్టింపు చేయాలంటే ప్రకటనలు రెట్టింపు చేస్తే చాలు, నష్టమూ రెట్టింపవుతుంది, దాన్ని మీలాంటి వాళ్ల 25 లక్షలు పూడుస్తాయి. లాభమంతా అదే మనిషి రెండోసారి, మూడోసారి కొన్నప్పుడే వస్తుంది, ఎందుకంటే అప్పుడు ప్రకటన ఖర్చూ లేదు, కోడ్ ఖర్చూ లేదు, ఆ 450 నిలుస్తుంది. వంద మంది కొత్తవాళ్లను తెస్తే మొదటి డబ్బాల మీద 13,000 నష్టం. వాళ్లలో నలభై మంది మళ్లీ కొంటే 18,000 వస్తుంది, గట్టెక్కినట్టే. ఇరవై మందే కొంటే 9,000, ఇంకా గుంటలోనే ఉన్నారు.

ఈ రంగంలో ఒక సౌలభ్యం ఉంది, రెండో కొనుగోలు సంగతి తేలడానికి ఏళ్లు ఆగక్కర్లేదు. కిలో డబ్బాలో సుమారు 30 స్కూపులు వస్తాయి, రోజుకు ఒకటి వేసుకుంటే నెలలో డబ్బా ఖాళీ. కాబట్టి జనవరిలో మొదటిసారి కొన్న వాళ్ల జాబితా తీసి, అందులో ఎంతమంది ఏప్రిల్ లోపల మళ్లీ కొన్నారో చూడమనండి. తర్వాత ఫిబ్రవరి వాళ్లది, మార్చి వాళ్లది. సొంత వెబ్‌సైటు నడిపే ఏ బ్రాండుకైనా ఇది ఒక పూట పని. ఈ పట్టిక ఇవ్వడానికి ఆయన వెనకాడితే నా ఉద్దేశంలో సంభాషణ అక్కడితో అయిపోయినట్టే. జనవరిలో అంటున్నానని గమనించండి, కొత్త సంవత్సరం తీర్మానాలతో జిమ్‌లో చేరేవాళ్లు ఆ నెలలోనే ఎక్కువ. ఆ బ్యాచ్‌లో మళ్లీ కొనేవాళ్లు తక్కువే ఉండొచ్చు, అందుకే జూన్, జులై నెలల జాబితా కూడా పక్కన పెట్టి పోల్చాలి.

రెండోది, 12 కోట్ల అమ్మకం అంటే ఎవరికి అమ్మినది? డిస్ట్రిబ్యూటర్‌కు పంపినది ప్రైమరీ, అక్కడి నుంచి షాపుకో జిమ్‌కో వెళ్లింది సెకండరీ. పుస్తకాల్లో అమ్మకంగా పడేది ప్రైమరీ. నేను చూసిన ఒక బ్రాండు (పేరు వద్దు) మార్చి ఆఖరి వారంలో ఏడాది అమ్మకాల్లో పెద్ద ముక్కే డిస్ట్రిబ్యూటర్లకు తోసింది, తొంభై రోజుల అరువు, అమ్ముడుపోకపోతే వెనక్కి తీసుకుంటామన్న మాట మీద. మే నెలలో ఆ గోడౌన్‌కు వెళ్లి చూస్తే అట్టపెట్టెలు కంపెనీ టేపు కూడా విప్పకుండా గోడ వారగా పేర్చి ఉన్నాయి, అన్నిటి మీదా ఒకే బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీకి ఏడాది కూడా లేదు. జూన్‌లో వరుసగా క్రెడిట్ నోట్లు (తిరిగొచ్చిన సరుకు విలువను అమ్మకంలోంచి తగ్గించే కాగితాలు) పడ్డాయి. అప్పటికి మార్చి అంకెలు చూపించి డబ్బు తెచ్చుకోవడం అయిపోయింది. అందుకే ఏప్రిల్ నుంచి జులై దాకా వేసిన క్రెడిట్ నోట్లు, నెలవారీ జీఎస్‌టీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంటు మూడూ పక్కపక్కన పెట్టి చూడాలి. అమ్మకం పుస్తకంలో ఉండి బ్యాంకులోకి డబ్బు రాకపోతే అది ఇంకా అమ్మకం కాదు.

ప్రతిసారీ ఇందులో మోసమే ఉంటుందని అనుకోకండి. సెల్సియస్ సంగతి చూడండి. జిమ్‌కు వెళ్లేవాళ్లు తాగే ఎనర్జీ డ్రింక్, నిజంగా జనం ఇష్టపడిన సరుకు. 2022లో పెప్సికో 55 కోట్ల డాలర్లు పెట్టి వాటా తీసుకుని తన పంపిణీ వ్యవస్థలోకి తెచ్చింది. అన్ని చోట్లా స్టాకు నింపుతున్నంత కాలం అమ్మకాలు అదిరిపోయాయి. 2024లో పెప్సికో తన దగ్గర పేరుకున్న నిల్వ తగ్గించుకోవడం మొదలుపెట్టగానే, ఆ ఏడాది మూడో త్రైమాసికంలో సెల్సియస్ ఆదాయం ముందటేడాది 38.5 కోట్ల డాలర్ల నుంచి 26.6 కోట్లకు పడిపోయింది. షాపుల్లో జనం కొనడం ఆగలేదు, మధ్యలో ఉన్న గోడౌన్ ఆర్డర్లు తగ్గించింది, అంతే. 2024 తొలి నెలల్లో 90 డాలర్లు దాటిన షేరు ఆ ఏడాది చివరికి 30 లోపుకి వచ్చింది. మీరు లిస్టెడ్ షేర్ల గురించి కూడా అడిగారు కాబట్టి ఇది చెప్తున్నాను, లిస్ట్ అయినంత మాత్రాన ఈ ప్రమాదం పోదు. కాకపోతే అక్కడ తప్పు తెలిసిన రోజు అమ్మేసి బయటపడొచ్చు.

ముడిసరుకు సంగతి చాలామంది పట్టించుకోరు. వే అనేది చీజ్ తయారీలో మిగిలే ద్రవం నుంచి వస్తుంది. మన దేశంలో చీజ్ తయారీ తక్కువ, పనీరే ఎక్కువ, అందుకని మంచి రకం వే ఎక్కువగా అమెరికా, యూరప్ నుంచి దిగుమతి. అక్కడ ధర పెరిగినా, ఇక్కడ రూపాయి తగ్గినా మీ స్నేహితుడి డబ్బా ఖర్చు పెరుగుతుంది, కానీ ఎమ్మార్పీ పెంచితే కస్టమర్ పక్క బ్రాండుకు వెళ్లిపోతాడు. ఇది చిన్నవాళ్ల ఇబ్బంది మాత్రమే కాదు. ఆప్టిమమ్ న్యూట్రిషన్ అంటే ఈ రంగంలో ప్రపంచంలోనే పెద్ద పేరు, దాన్ని ఐర్లాండ్‌కు చెందిన గ్లాన్బియా 2008లో 31.5 కోట్ల డాలర్లకు కొంది. చీజ్, వే వ్యాపారంలో పుట్టి పెరిగిన కంపెనీ అది. అలాంటి గ్లాన్బియాకే 2025 ఫిబ్రవరిలో వే ధరలు పెరిగి లాభాలు తగ్గుతాయని చెప్పాల్సి వచ్చింది, ఆ రోజే షేరు దారుణంగా పడింది. పాల డెయిరీ వెనక ఉన్నవాళ్లే అలా ఇబ్బంది పడితే బయట కొనుక్కుని డబ్బాలో పోసేవాళ్లకు ఎంత ఊపిరి ఉంటుందో ఆలోచించండి. పైగా ఇప్పుడు అమూల్ కూడా సొంతంగా వే ప్రోటీన్ అమ్ముతోంది. అందుకే అడగండి: పౌడరు ఎవరి దగ్గర కొంటున్నారు, ఎన్ని నెలలకు ధర ఖాయం చేసుకున్నారు, గత ఏడాదిన్నరలో కిలో కొనుగోలు ధర నెలనెలా ఎంత?

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది నాణ్యత. దీన్ని ఇన్వెస్టర్లు వదిలేస్తుంటే బాధేస్తుంది, ఎందుకంటే చివరికి ఆ పౌడరు ఎవరో పిల్లాడి ఒంట్లోకి వెళ్తుంది. మన దేశంలో దొరికే 36 ప్రోటీన్ సప్లిమెంట్లను పరీక్షించి కేరళ డాక్టర్ సిరియాక్ ఆబీ ఫిలిప్స్ బృందం 2024లో ఒక అధ్యయనం ప్రచురించింది. దాదాపు 70 శాతం డబ్బాల మీద రాసిన ప్రోటీన్ లెక్క, లోపల ఉన్న లెక్క ఒకటి కాదు. కొన్నింటిలో చెప్పినదాంట్లో సగం కూడా లేదు. కొన్నింటిలో ఫంగస్ విషాలు, పురుగుమందుల అవశేషాలు దొరికాయి.

లెక్క ఎలా తప్పిస్తారో తెలిస్తే మీరే కనిపెట్టగలరు. మామూలు పరీక్షలో ప్రోటీన్‌ను నేరుగా కొలవరు, నైట్రోజన్‌ను కొలిచి దాన్ని 6.25తో గుణిస్తారు. గ్లైసిన్ అనే చవక అమైనో ఆమ్లంలో నైట్రోజన్ ఎక్కువ, దాన్ని 100 గ్రాములు పెడితే ఆ లెక్కలో సుమారు 117 గ్రాముల ప్రోటీన్‌గా కనిపిస్తుంది! టారిన్, క్రియాటిన్ కలిపినా నైట్రోజన్ లెక్క ఇలాగే పెరుగుతుంది. కండ పెరగడానికి పనికొచ్చే పూర్తి ప్రోటీన్ మాత్రం లోపల తక్కువ. అందుకే ఒక్క ‘ప్రోటీన్ శాతం’ రిపోర్టు చూపిస్తే సరిపోదు, పూర్తి అమైనో ఆమ్లాల పట్టిక అడగాలి. మంచి వేలో ప్రతి 25 గ్రాముల ప్రోటీన్‌కు లూసిన్ (కండకు కీలకమైన అమైనో ఆమ్లం) రెండున్నర గ్రాముల దగ్గర ఉంటుంది. అది బాగా తక్కువగా ఉండి గ్లైసిన్ విపరీతంగా ఉంటే విషయం అర్థమైపోతుంది. రిపోర్టు కూడా కంపెనీ పంపిన శాంపిల్‌ది కాదు, మీరు మామూలు కస్టమర్‌లా షాపులో ఒక డబ్బా, ఆన్‌లైన్‌లో ఒక డబ్బా కొని ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు పంపించండి. 25 లక్షలు పెట్టబోయే మనిషికి ఆ ఫీజు పెద్దది కాదు.

తయారీ సొంతమా, థర్డ్ పార్టీనా అన్నది కూడా కనుక్కోండి. బద్ది, హరిద్వార్ లాంటి చోట్ల చేయించుకుని లేబుల్ వేసుకునే బ్రాండ్లు చాలా ఉన్నాయి, అందులో తప్పేమీ లేదు. కానీ అదే ఫ్యాక్టరీ అదే ఫార్ములా ఇంకెవరికి ఇస్తోంది, ఫార్ములా మీద హక్కు ఎవరిది, డబ్బా మీద ఉన్న ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు నిజంగా ఆ ఫ్యాక్టరీదేనా అని చూడాలి. ప్రీ వర్కౌట్ (వ్యాయామానికి ముందు తాగే పౌడరు), ఫ్యాట్ బర్నర్ లాంటివి అమ్ముతుంటే ఇంకా జాగ్రత్త. అమెరికాలో డీఎంఏఏ అనే ఉత్తేజక పదార్థం కలిపిన ప్రీ వర్కౌట్లు విపరీతంగా అమ్ముడయ్యాయి, 2012లో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరికలు పంపింది, ఆ సరుకుతో పెద్దదైన యూఎస్‌పీ ల్యాబ్స్ కంపెనీ మీద 2015లో క్రిమినల్ కేసు పడింది. ఒక్క పదార్థం మీద నిలబడ్డ అమ్మకాలు ఒక్క నోటీసుతో పోతాయి.

ఇప్పుడు మీ వాటా లెక్క. 60 కోట్ల విలువకు 25 లక్షలంటే మీకు వచ్చేది అర శాతం కూడా కాదు. అది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. అలాంటి కంపెనీలో వాటా బదిలీ మీద చట్టం ప్రకారమే ఆంక్షలు ఉంటాయి, మీకు అవసరమైన రోజు కొనేవాడు దొరకడు, దొరికినా డైరెక్టర్లు ఒప్పుకోవాలి. డివిడెండ్ ఆశ లేదు. రేపు పెద్ద ఫండ్ ఏదైనా వచ్చి తక్కువ ధరకు వాటా తీసుకుంటే మీ ముక్క ఇంకా చిన్నదవుతుంది. కాబట్టి ఒప్పందంలో మూడు రాయించుకోవాలి. ప్రతి మూడు నెలలకు లెక్కలు చూపించే హక్కు, ప్రమోటర్ తన వాటా అమ్మితే అదే ధరకు మీదీ అమ్ముకునే హక్కు, తర్వాతి పెట్టుబడి రౌండ్ తక్కువ ధరకు వస్తే మీకు సర్దుబాటు. ఇవి కంపెనీ ఆర్టికల్స్‌లో (కంపెనీ నడిచే నియమావళి) కూడా చేర్చాలి, లేకపోతే రేపు ఒప్పందం పట్టుకుని తిరగడమే.

డబ్బు ఇచ్చే పద్ధతి మరీ ముఖ్యం. 2013 కంపెనీల చట్టం 42వ సెక్షన్ కింద ప్రైవేట్ ప్లేస్‌మెంట్ (ఎంపిక చేసిన కొద్దిమందికే షేర్లు ఇవ్వడం) అయితే మీ పేరు మీద ఆఫర్ లెటర్ రావాలి, డబ్బు మీ బ్యాంకు ఖాతా నుంచే వెళ్లాలి, కంపెనీ దాన్ని విడిగా ఒక ఖాతాలో ఉంచాలి, 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి, లేదంటే ఆ తర్వాత 15 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. ‘ముందు నా అకౌంటుకు పంపు, పేపర్లు తర్వాత చేద్దాం’ అంటే ఎంత దగ్గరివాడైనా వద్దనండి. ఎంసీఏ (కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ) సైట్‌లో కంపెనీ పేరు కొట్టి ఇప్పటిదాకా దాఖలు చేసిన ఆర్థిక వివరాలు, బ్యాంకులకు రాసిచ్చిన తాకట్లు తీసుకోండి, కొద్దిపాటి ఫీజుతో దొరుకుతాయి. మీకు పంపిన పీడీఎఫ్‌లో అమ్మకం, అక్కడ దాఖలు చేసిన అమ్మకం ఒకటేనా చూడండి. ప్రమోటర్ కుటుంబానికి చెందిన వేరే సంస్థతో కొనుగోళ్లో అద్దెలో ఉంటే ఆ లెక్కల కింది నోట్స్‌లో దొరుకుతుంది. మజిల్‌ఫార్మ్‌లో వాటాదారులకు సరిగా చెప్పని వాటిలో సంబంధీకులతో లావాదేవీలు కూడా ఉన్నాయి.

లిస్టెడ్ షేర్ల విషయం క్లుప్తంగా. మన మార్కెట్లో అచ్చంగా స్పోర్ట్స్ న్యూట్రిషన్ మీదే బతికే పెద్ద కంపెనీ కోసం వెతికితే నిరాశే. మజిల్‌బ్లేజ్ వెనక ఉన్న హెల్త్‌కార్ట్ లాంటివి ఇంకా ప్రైవేటు చేతుల్లోనే ఉన్నాయి. వాటి అన్‌లిస్టెడ్ షేర్లు ఇప్పిస్తామని ఎవరైనా మెసేజ్ పెడితే దూరంగా ఉండండి. అమెరికాలో ఉన్నవాళ్లకు, లేదా ఇక్కడి నుంచి అక్కడి షేర్లు కొనేవాళ్లకు అవకాశాలున్నాయి. కానీ పైన సెల్సియస్, గ్లాన్బియా ఉదాహరణలు చూశారు కదా, రంగం పెరుగుతోందని ఏ ధరకైనా కొనేయకూడదు.

మీ స్నేహితుడికి ఈ వారమే మెయిల్ పెట్టండి, ఫోన్లో వద్దు. నెలవారీగా కొత్త కస్టమర్లు, వాళ్లలో మళ్లీ కొన్నవాళ్లు. ఉత్పత్తి వారీగా ఒక్క డబ్బా ఖర్చు పట్టిక. ఏప్రిల్ నుంచి క్రెడిట్ నోట్లు. ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటు. ఆఖరి మూడు బ్యాచ్‌ల అమైనో పట్టిక. ఇవి చాలు. ఇచ్చాడనుకోండి, మళ్లీ కొనేవాళ్లు నూటికి నలభై దాకా ఉండి డబ్బాలో చెప్పిన ప్రోటీన్ నిజంగా ఉంటే, 60 కోట్ల విలువ మీద గట్టిగా బేరమాడి, 25 కాదు, పూర్తిగా పోయినా ఇంటి ఈఎంఐ ఆగనంత మొత్తం, బహుశా 5 లక్షలు, పైన చెప్పిన ఒప్పందంతో పెట్టవచ్చు. నెలాఖరు గడువు గురించి టెన్షన్ పడకండి, నిజంగా పెరుగుతున్న కంపెనీకి వచ్చే నెల కూడా డబ్బు అవసరమే ఉంటుంది. పట్టిక వచ్చాక అంకెలు ఇక్కడ పెట్టండి, పేరు తీసేసి పెడితే చాలు, కూర్చుని చూసి చెప్తాను.